బొట్టు మైనం

దగ్గరికి జరుగు బిడ్డా, చెవి ఇటు పెట్టు. ఇది రజాకార్ల కాలం నాటి ముచ్చట. మన ఇబ్రహీంపట్నం పక్కనే ఒక దొర గడిలో జరిగింది.

"డబ్బా ఖాళీ అయింది దొరా," అంది వజ్రమ్మ, కారు పాలిషు డబ్బాను బోర్లించి చూపిస్తూ.

దొర నోట్లోంచి చుట్ట తీశాడు. "అయితే రేపు గట్లనే పోదాం. పట్నం తొవ్వలన్నీ బందున్నయి. కొత్త డబ్బా యాడికెల్లి తేవాలె?"

వజ్రమ్మ ఖాళీ డబ్బాను గోటితో గీకి చూసింది. నల్లటి మోటారు కారు కొట్టం నీడలో దుమ్ము కొట్టుకుని నిలబడి ఉంది. మామూలు రోజుల్లో అది ఆ దుమ్ముతోనే తిరిగేది, దొర పట్టించుకునేవాడు కాదు. రజాకార్ల లారీ వచ్చే రోజు మాత్రం అద్దంలా మెరవాలనేవాడు. లారీకి ముందు తన కారు నడవాలి, తోవ పొడవునా జనం జడుసుకోవాలి. అదీ ఆయన సోకు.

ఆ లారీ రేపు వస్తోంది. రాచకొండ గుట్టల్లో దాగిన సంఘపోళ్ళను పట్టడానికి. అందులో వజ్రమ్మ మొగుడు జంగా ఒకడు. దొరికితే చెట్టుకు కట్టి కాల్చుడేనని దొర అందరి ముందూ చెప్పాడు.

దొర కారు తుడిచే వెట్టి ఇక చేయనని ఎదురు తిరిగి జంగా గుట్టకెక్కాడు. వెళ్ళే పొద్దున ఆమె చెయ్యి పట్టుకుని, "ఏడ్వకు వజ్రీ. నా వెట్టి ఇగ నీ మీదనే పడతది. దొర కారు మంచిగ తుడువు, బతుకుతం," అన్నాడు. మరునాడే దొర ఆమెను గడిలో పెట్టుకున్నాడు. "నీ మొగడొచ్చి నా కాళ్ళ మీద పడేదాక గడప దాటినవంటే తోలు తీస్త," అన్నాడు. ఆమె దాటలేదు. కారు తుడవడమే ఆమె వెట్టి అయింది. పాపం, మొదట్లో తెలియక, ఇత్తడి బిందెలను తోమినట్టు చింతపండూ బూడిదా పెట్టి తోమింది. రంగంతా గీతలు పడింది. ఆ గీతలకు ఆమె వీపు మీద వాతలు తేలాయి. డ్రైవరు సంజీవ దయ తలచి పని నేర్పాడు.

"నీ కాల్మొక్త దొరా," అంది వజ్రమ్మ. "రజాకార్ల ముంగట దుమ్ము కారుల పోతే నీ ఇజ్జత్ ఏం గావాలె? నేనేదన్న జేస్త."

దొర పకపకా నవ్వాడు. "మొగడేమో గుట్టల, పెండ్లామేమో నా కారు కాడ! చెయ్ పో."

తెల్లారింది. వజ్రమ్మ కారంతా కడిగి ఆరబెట్టింది. తన బొట్టుపెట్టె తెచ్చి, అందులోని తేనెమైనం ముద్దను పెంకులో వేసి, కొబ్బరినూనెతో కరిగించింది. ఆ కాలంలో ఆడవాళ్ళు నుదుట మైనం అద్ది, దాని మీద కుంకుమ పెట్టుకునేవాళ్ళు. మైనం లేకపోతే బొట్టు నిలవదు.

విస్తర్లు ఇవ్వడానికి వచ్చిన ఎంకమ్మ అది చూసి బుగ్గ నొక్కుకుంది.

"ఓ వజ్రీ! బొట్టు మైనం దొర కారుకు పూస్తున్నవా?"

"అవ్."

"నీ మొగని సంపనీకి పోయే కారు గది! నీ బొట్టు నువ్వే తుడుసుకుంటున్నవ్. జర సిగ్గుండాలె."

వజ్రమ్మ మైనం కలుపుతూనే ఉంది. ఎంకమ్మ విస్తర్లు అక్కడే పడేసి, ఉమ్మేసి పోయింది.

ఉన్న మైనం ఎంతని! వజ్రమ్మ నిచ్చెన వేసుకుని కారు కప్పు మీద పూయడం మొదలుపెట్టింది.

"వజ్రక్కా, కప్పెవరు చూస్తరు?" అన్నాడు సంజీవ. "ముంగట రుద్దు. దొర చూసేది గదే."

"కప్పు మీద నీళ్ళు నిలిస్తే తుప్పు పడతది తమ్మీ. మళ్ళ నా వీపే పగుల్తది."

పల్చగా పూసింది. ఆరి తెల్లబారేదాకా ఆగింది. పాత ధోతి గుడ్డతో, చెయ్యి పడిపోయేదాకా రుద్దింది. ముందు భాగానికి పెంకులో అంటిన జిడ్డే మిగిలింది. దొరకు అదే చాలింది, మీసం దువ్వుకుంటూ అందులో మొహం చూసుకున్నాడు.

పగటన్నాలయ్యాక లారీ వచ్చింది. పడమట ఒక మబ్బు తునక ఉంది. వజ్రమ్మ దాన్నే చూస్తూ, "మైసమ్మ తల్లీ, మబ్బు కమ్మనియ్యకు," అని మొక్కింది.

"వాన పడితే నీ కష్టం పోతదనా?" నవ్వాడు సంజీవ. "మైనం మీద నీళ్ళు నిలవయక్కా, జారిపోతయ్."

కారు ముందు, లారీ వెనుక. ఎండలో యాచారం తోవ పట్టాయి. వజ్రమ్మ వట్టి నుదురుతో గడపకు ఇవతలే కూలబడింది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

పొద్దు గూకే వేళకు తిరిగొచ్చారు. దొర కళ్ళు నిప్పులు.

"పొయ్యిల నిప్పు ఆరలే, కుండల జొన్న గటక ఆరలే! మనిషి లేడు! పోయిన మాటు గిట్లనే అయింది. ఎవడ్రా కబురు పంపేది?"

జీతగాళ్ళందరినీ వరుసగా నిలబెట్టి కొట్టించాడు, సంజీవను కూడా. వజ్రమ్మ దగ్గరికి వచ్చి, ఎత్తిన కొరడా దించాడు.

"ఇది గడప దాటలే. ఇంత మందిల నాకు ఇదొక్కతే నమ్మకం."

ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందనుకున్నారు.

వానాకాలం పోకముందే యూనియన్ పటాలాలు దిగాయి. దొర అదే కారెక్కి పట్నం పారిపోయాడు. జంగా గుట్ట దిగి వచ్చాడు, చిక్కి సగమయ్యాడు గానీ ప్రాణంతో వచ్చాడు. ఊరి ఆడవాళ్ళెవరూ వజ్రమ్మ గడప తొక్కలేదు, దొర కారు తుడిచిన చేతులని. జంగా నోరు విప్పి చెప్పిన రోజున ఎంకమ్మ పరుగున వచ్చి, తన మైనంతో ఆమె నుదుట బొట్టు పెట్టి, కాళ్ళ మీద పడబోయింది.

ఆయన ఏం చెప్పాడంటావా? అదే యాది పెట్టుకో బిడ్డా, రేపు నీ పిల్లలకు చెప్పేటప్పుడు ఆఖరున చెప్పు.

గుట్ట మీద జంగా కాపు కాసింది ఎండలో ఆ కారు కప్పు తళుకు కోసమే.