తీగపాకం

“ఇందులో చక్కెర లేదని నా మొహం చూసి ఇంకోసారి చెప్పండి!”

రాజరాజేశ్వరి లడ్డూల డబ్బాను గల్లాపెట్టె మీద ఠపీమని పెట్టింది. మొదటి షిఫ్టు దిగి చాయ్ తాగుతున్న సింగరేణి కార్మికులు తలలు తిప్పి చూశారు. గోదావరిఖనిలో ఆ మిఠాయి దుకాణానికి మంచి పేరు.

“చక్కెర పలుకు కూడా లేదమ్మా,” అన్నాడు యజమాని సదానందం, గోడ మీది ‘షుగర్ ఫ్రీ లడ్డూ’ బోర్డునీ, గల్లాపెట్టె పక్కనున్న చిన్న సీసానీ చూపిస్తూ. “గీ సీసల చుక్కలతోనే తీపి.”

“రాత్రిపూట అన్నం మానేశాను. కాఫీలో చక్కెర మానేశాను. తీపి అంటే మీ లడ్డూ ఒక్కటే. అయినా రక్తపరీక్షలో షుగరు ఆకాశాన్నంటింది. డాక్టరు నన్ను దొంగను చూసినట్టు చూశాడు!”

ఆమె భర్త రవికాంత్ రామగుండం థర్మల్ స్టేషన్‌లో ఇంజనీరు. కాకినాడ నుంచి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. “లడ్డూలు మానేస్తే పోయేదానికి గొడవెందుకు? ఊరు మనది కాదు,” అని పొద్దున నచ్చజెప్పాడాయన. “ఊరు మనది కాకపోతేనేం, ఒళ్లు నాదేగా,” అని బయల్దేరి వచ్చింది.

బెంచీ మీదున్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు. రాయమల్లు. గనిలో చేసి రిటైరైన మనిషి. “ఏందమ్మా గీ లొల్లి? సదానందం గసోంటోడు కాదు. నాకూ షుగరే. దినాం తింటున్న.”

రాజరాజేశ్వరి చూపు అతని కాలి కట్టు మీద పడింది. “ఆ కాలికేమైంది?”

“రాయి కొట్టుకున్నది. పుండు మానుతలేదు, గంతే.”

“ఇంట్ల పూతరేకులు గిట్ల తిన్నరేమో అమ్మా!” అన్నారెవరో వెనక నుంచి. అందరూ గొల్లుమన్నారు.

ఆమె మొహం జేవురించింది. కాళ్లు మాత్రం వెనక్కి పడలేదు. స్టూలు లాక్కుని దుకాణం నడిమధ్యన కూర్చుంది.

“నవ్వండి. ఈ లడ్డూలో ఏముందో తేలేదాకా కదిలితే ఒట్టు.”

“నేను తేలుస్త.”

మాట గుమ్మంలోంచి వచ్చింది. పాతికేళ్ల పిల్ల. మెడలో కాలేజీ కార్డు, చేతిలో సంచి. గుంపు పక్కకు జరిగి దారిచ్చింది.

“నా పేరు దీప. కాలేజీల కెమిస్ట్రీ చెప్త,” అంది రాజరాజేశ్వరితో.

సదానందం మొహంలో రంగు మారింది. “జరుగు బిడ్డా. గిది నీకెందుకు?”

“బోర్డు తియ్యమని ఎన్నిసార్లు చెప్పిన నీకు? ఇన్నవా? ఇయ్యాల తయారై వచ్చిన.”

అంత పెద్దమనిషిని ఆ పిల్ల నువ్వంటుంటే రాజరాజేశ్వరికి ఆశ్చర్యం వేయలేదు. ఇక్కడ ఆడపిల్లలందరూ పెద్దలకు ‘బిడ్డ’లే, పెద్దలంతా వాళ్లకు ‘నువ్వే’. వచ్చిన కొత్తలో వింతగా ఉండేది.

దీప అడగకుండానే వంటింట్లోకి వెళ్లి, బూందీ ఇంకా వేయని పాకం గిన్నెడు తెచ్చింది. సంచిలోంచి గాజు గొట్టాలు, స్పిరిటు దీపం, నీలం మందు సీసా, ఆమ్లం సీసా తీసింది. కొంచెం పాకంలో నీలం మందు కలిపి వేడి చేసింది. నీలం నీలంగానే ఉంది.

“చూసిన్రా!” సదానందం గొంతు లేచింది. “చక్కెర ఉంటే ఎర్రగైతదని నువ్వే కదా చెప్పినవ్?”

“గ్లూకోజు ఉంటే అయితదని చెప్పిన.” దీప ఇంకో గొట్టం అందుకుంది. “చక్కెరంటే గ్లూకోజు, ఫ్రక్టోజు చేతులు పట్టుకొని ఉంటయ్. గట్ల పట్టుకున్నప్పుడు గీ మందు వాటిని గుర్తువట్టదు. ఆమ్లం పోసి కాగబెడితే చేతులిడుస్తయ్. మన కడుపుల జరిగేది గదే.”

ఆమె పాకంలో ఆమ్లం చుక్కలు వేసి మరిగించింది. వంటసోడాతో దాని పులుపు విరిచి, నీలం మందు పోసి మళ్లీ దీపం మీద పట్టింది. పక్కనే సదానందం చూపించిన సీసాలోని చుక్కల్నీ అదే తీరుగా కాచింది.

చుక్కలు నీలంగా ఉండిపోయాయి. పాకం మాత్రం పచ్చబడింది, పసుపైంది, ఇటుకపొడి రంగుకు తిరిగింది.

ఎవరూ నవ్వలేదు. రాయమల్లు వంగి తన కాలి కట్టును తడుముకున్నాడు.

“ముందుగాల చుక్కలతోనే చేసిన,” అన్నాడు సదానందం, నేల చూపులు చూస్తూ. “పాకం తీగ రాదు. ఉండ కట్టదు. పొడిపొడైన లడ్డూ ఎవడు కొంటడు? జరంత చక్కెర వేసిన. ఎనక మొత్తం చక్కెరే అయింది.”

“అయినా గింత మంది ముంగట ఇజ్జత్ తియ్యాల్నా, దీపా?” అన్నాడొక కార్మికుడు.

“రాయమల్లు కాక కాలు కంటె ఇజ్జత్ పెద్దదా?”

దీప స్టూలెక్కి బోర్డు పీకింది. లడ్డూల పళ్లేన్ని తీసుకెళ్లి చెత్తడబ్బాలో బోర్లించింది.

“కొన్నోళ్లందరికీ నిజం చెప్పు. కాకను ముందుగాల దవాఖానకు తోలియ్యి,” అంది సదానందంతో. అతను ఫోను తీసి ఆటోను పిలిచాడు. రాయమల్లును ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. మిగతావాళ్లు ఒక్కొక్కరే సదానందం వైపు చూడకుండా వెళ్లిపోయారు.

రాజరాజేశ్వరికి గుండె నిండిపోయింది. తనకోసం కన్నకూతురైనా ఇంత తెగించేదా అనిపించింది. దీప భుజం మీద చెయ్యి వేసింది. “నాతో రా అమ్మా. కారులో దింపుతాను. ఇంత జరిగాక ఈ మనిషి దగ్గర ఒక్కదానివే ఉండొద్దు.”

దీప తల అడ్డంగా ఊపింది. షట్టర్ సగం దించింది. గల్లాపెట్టె వెనక కుప్పకూలిన సదానందం ముందుకెళ్లి చెయ్యి చాపింది.

“లే బాపూ, ఇంటికి పోదాం. అమ్మ ఎదురుచూస్తది.”