మురళి వస్తే వంద

"నెట్ స్పీడు వంద అని చెప్పి డబ్బులు కట్టిచ్చుకుంటివి. చూడు, ఏడు చూపిస్తాండాది. ఏడు!" హరికృష్ణ తన ఫోనును మురళి ముక్కు దాకా తీసుకెళ్ళాడు.

మురళి ఇంటర్నెట్ కంపెనీ మనిషి. ధర్మవరంలో సగం వీధులకు నెట్ తీగలు లాగింది అతనే. ఈ నెలలో ఈ ఇంటికి రావడం నాలుగోసారి. చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టబోయాడు.

"ఆడనే ఉండప్పా," అంది హరికృష్ణ తల్లి శారదమ్మ, మగ్గం పక్కన కూర్చున్న చోటు నుంచే. "కోడలు గది సర్దుకోవల్ల. సుధా! మగోళ్ళు వస్తాండారు, బట్టలూ అవీ తీసెయ్ మ్మా."

సాయిసుధ తలుపు దగ్గరగా వేసుకుని గది సర్దింది. మురళి వాకిట్లో ఎండలో నిలబడ్డాడు. ఆ ఇంటి పద్ధతి అది. కోడలు వచ్చినప్పటి నుంచీ గ్యాసు సిలిండరు తెచ్చేవాడైనా, కరెంటు పనివాడైనా గది తలుపు తెరిచేదాకా ఆగాల్సిందే.

తలుపు తెరుచుకుంది. మురళి అలమర పక్కన గోడకున్న నెట్ డబ్బాను చూశాడు, తన ఫోనులో వేగం పరీక్షించాడు.

"తొంభై ఆరు, అన్నా. నువ్వే చూడు."

నిజంగానే తొంభై ఆరు. పంటినొప్పి డాక్టరు గుమ్మం తొక్కగానే మాయమైనట్టుంది వ్యవహారం.

"నువ్వు వచ్చినప్పుడే ఎట్లొస్తాదప్పా?" శారదమ్మ లేచి వచ్చింది. "మీ ఆఫీసులో కూర్చోని ఎవురో తిప్పుతాండారు. నువ్వు మా వీధిలోకి రాంగానే పెంచేది, నువ్వు పోంగానే తగ్గించేది."

"అట్లా తిప్పేదేం లేదు మ్మా. ఈ తీగలో పోయేది వెలుతురు. యాడన్నా గట్టిగా మడత పడితే చాలు, వేగం పడిపోతాది. స్తంభం నుంచి మీ గోడ దాకా చూసినా. డబ్బా కూడా మార్చినా. నాకూ అర్థం కాలేదు."

"చాల్లే! మా కోడలి ఉద్యోగం పోతే నువ్విస్తావా జీతం? చూడు, దొంగకు తేలు కుట్టినట్టు ఎట్ల నిలబడినాడో!"

మురళి తలవంచుకున్నాడు. చేయని తప్పుకు మాట పడుతున్న మనిషిని చూస్తే సాయిసుధకు బాధేసింది.

"ఆయన్ని ఏమీ అనొద్దు అత్తా. ఆయన పని ఆయన సరిగ్గానే చేస్తాండాడు," అంది.

శారదమ్మ కోపంలో న్యాయం లేకపోలేదు. మగ్గం ఆడినా ఆడకపోయినా ఇల్లు నడిచేది సాయిసుధ జీతంతోనే. బెంగళూరు కంపెనీలో ఉద్యోగం, ధర్మవరంలో ఇంటి నుంచే పని. ఆ ముక్క వినే ఈ సంబంధం ఖాయం చేసుకున్నారు. 'మా కోడలు గడప దాటకుండా సంపాదిస్తాది' అని శారదమ్మ బజారంతా చెప్పుకునేది. ఇప్పుడేమో మీటింగు మధ్యలో కోడలి మాట తెగిపోతోంది, బొమ్మ బిగుసుకుపోతోంది. సోమవారానికి నెట్ బాగుపడకపోతే బెంగళూరు వచ్చి ఆఫీసులో కూర్చోవాలని మేనేజరు తేల్చి చెప్పాడు.

సాయిసుధ రోజులు ఒక్క తీరుగానే గడిచేవి. పొద్దున లేస్తే ఆ గది, మాపటికీ ఆ గదే. మీటింగుకూ మీటింగుకూ మధ్య కుక్కరు పెట్టడం, పని ముగిశాక మగ్గానికి పట్టు కండెలు చుట్టడం. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. పెళ్ళయిన నాటి నుంచీ అత్త తోడు లేకుండా వీధి మలుపు దాటింది లేదు. మొదట్లో ఏడుపొచ్చేది. పోనుపోను అదీ మానేసింది. తిమ్మిరెక్కిన కాలు మనదేనా అనిపిస్తుంది చూడండి, ఆమెకు తన బతుకు అలా అనిపించేది.

శుక్రవారం మళ్ళీ ఏడే. మేనేజరు మాట్లాడుతుండగానే గొంతు గరగరలాడి ఆగిపోయింది. హరికృష్ణ ఇంకో కంపెనీకి ఫోన్ చేశాడు. వాళ్ళ తీగలు ఆ వీధికి ఇంకా రాలేదట. ఫోన్‌లోని నెట్ వాడదామంటే ఆ గదిలో సిగ్నల్ ఒక్క గీతకు మించదు.

"ఉద్యోగం మానేస్తే?" అంది శారదమ్మ.

"మానేస్తే తినేదేందిమా?" అన్నాడు హరికృష్ణ. ఆ రాత్రే బెంగళూరుకు టికెట్ తీశాడు.

సోమవారం పొద్దున్నే రైలు. శారదమ్మ ఊరిబిండి పచ్చడి డబ్బా, కారం పొడి పొట్లం సంచిలో కుక్కుతూ కళ్ళు తుడుచుకుంది. "ఆ మురళిగాడు బాగుపడడు," అని మూడుసార్లు శాపనార్థాలు పెట్టింది. స్టేషన్‌లో హరికృష్ణ బ్యాగు పైకి ఎక్కించాడు.

"నెట్ బాగైతే వచ్చేద్దువులే. హాస్టల్లో భద్రం."

సాయిసుధ తలూపింది. రైలు కదిలింది. ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు, ఇంకేమీ కూడా రాలేదు. కిటికీ పక్కన కూర్చుని, గాలికి జుట్టు రేగుతుంటే సర్దుకోకుండా వదిలేసింది.

పెనుకొండ రాబోతుండగా ఫోన్ మోగింది.

"సుధా!" హరికృష్ణ గొంతులో ఆయాసం. "యాడుండావు? ఊరికే చూద్దామని నొక్కితే తొంభై ఎనిమిది వస్తాండాది! తగ్గడమే లేదు. పెనుకొండలో దిగేసెయ్. నేను బండేసుకొని వస్తా."

రైలు పెనుకొండలో ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు. సాయిసుధ కదలలేదు.

"ఇంగ కుదరదు. ఆఫీసులో వస్తానని చెప్పేసినా. మాట మారిస్తే ఉద్యోగమే ఉండదు."

"అంతేనంటావా?"

"అంతే. మురళిని మాత్రం ఇంగ తిట్టొద్దని అత్తకు చెప్పు."

"వాణ్ణి వెనకేసుకొస్తావేంది? వాడి వల్లే కదా ఇదంతా!"

రైలు మళ్ళీ కదిలింది. సాయిసుధ ఫోన్ పెట్టేసింది.

అలమర వెనక తీగకు తాను పెట్టిన మడతను, బయలుదేరే ముందు తానే విప్పి వచ్చింది.