లీటరు సీసా

“సాయిబు గారూ, మీ చెప్పులు కూడా విప్పేయండి. బరువు” అన్నాడు ఈశ్వరప్రసాద్.

మెకానిక్ నన్నే సాహెబ్ విప్పేశాడు. స్టెప్నీ, జాకీ, కాళ్ల కింద పట్టాలు అప్పటికే తాడేపల్లిగూడెంలోని ఆయన షెడ్డులో ఉండిపోయాయి. ఈశ్వరప్రసాద్ పాత కారు ట్యాంకు గొట్టం ఊడదీసి, కొలిచి పోసిన లీటరు పెట్రోలు సీసాను ఇంజనుకు తగిలించి, దాన్ని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని ముందుసీట్లో కూర్చున్నాడాయన.

వెనకసీట్లో కారు కొనడానికి వచ్చిన ఏలూరు అచ్యుతరావు ఉన్నాడు. సంచిలో నగదు తెచ్చుకున్నాడు. లీటరుకు ఇరవై కిలోమీటర్లు వస్తే ఇవాళే కొంటాడు. అంతకుముందు మూడు నెలల్లో వచ్చినవాళ్లంతా మైలేజీ అడిగి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయినవాళ్లే.

ఈశ్వరప్రసాద్‌కు డబ్బు ఇవాళే కావాలి. ఆకివీడు దగ్గర అతని చేపల చెరువు మీద మూడు రోజులుగా మబ్బు కమ్మి ఉంది. నీళ్లలో గాలి చాలక చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. రాత్రిలోగా నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు కొని తిప్పకపోతే ఏడాది కష్టం తెల్లారేసరికి వెల్లకిలా తేలుతుంది.

కారు బయలుదేరింది. గాలి అడ్డు తగలకుండా అద్దాలు ఎత్తేశారు, ఏసీ వేయలేదు. ముగ్గురూ ఆవిరి కుడుముల్లా ఉడుకుతున్నారు. బ్రేకు తొక్కాల్సి వస్తుందని ఈశ్వరప్రసాద్ ఒక గేదెల మంద వెనకాల దాని నడకతోనే వెళ్లాడు.

ఫోను మోగింది. భార్య వీరరాఘవమ్మ.

“ఏవండీ, పెద్ద చేపలు కూడా పైకొచ్చేశాయండీ.”

“వచ్చేస్తున్నానే. ఇంకో ఎనిమిది కిలోమీటర్లు.”

ఉంగుటూరు వచ్చింది. మీటరు పన్నెండున్నర చూపిస్తోంది. సీసాలో మూడో వంతే మిగిలింది. నన్నే సాహెబ్ వేళ్లతో లెక్కేసి, తల అడ్డంగా ఊపాడు.

ఈశ్వరప్రసాద్ అద్దంలో అచ్యుతరావును ఎగాదిగా చూశాడు.

“ఏవండీ, మీరు ఏమీ అనుకోకపోతే, మీ బరువెంతండీ?”

“నూట నాలుగు.”

“కారు నడిపేది మీరేనాండీ?”

“నాకు రాదండీ. మా ఆవిడ నడుపుతుంది. స్కూలుకి తనొక్కతే వెళ్తుంది.”

“ఆవిడెంత ఉంటారండీ?”

“నలభై ఎనిమిది.”

“మరి మీరు కూర్చుంటే ఇది ఆవిడ మైలేజీ ఎలా అవుద్దండీ? మీ మైలేజీ అవుద్ది గానీ.”

అచ్యుతరావుకు ఆ మాట న్యాయంగానే తోచింది.

“సాయిబు గారున్నారు కదా, సీసా ఆయన చూసుకుంటారు. మీరు వెనకాలే ఆటోలో వచ్చేయండి. చార్జీ నాది” అన్నాడు ఈశ్వరప్రసాద్.

అచ్యుతరావు సంచి తీసుకుని దిగాడు. కారు రెండంగుళాలు పైకి లేచింది. రోడ్డు పక్కన ఆగి ఉన్న, అక్రమ్ అనే కుర్రాడి ఆటో ఎక్కాడు.

ఇక కారు ఈల వేసినట్టు పోయింది. పద్దెనిమిది. పంతొమ్మిది. సీసా అడుగున చెంచాడు పెట్రోలు. ఈశ్వరప్రసాద్ ఊపిరి బిగబట్టాడు, అదీ బరువేనేమోనని. పంతొమ్మిదిన్నర. ఇరవై. ఇంకాస్త ముందుకెళ్లి దగ్గి ఆగింది.

“ఇరవై పాయింటు నాలుగు” అన్నాడు నన్నే సాహెబ్.

ఈశ్వరప్రసాద్ ఆయన్ని కావలించుకున్నాడు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ భార్యకు ఫోను చేశాడు. “కారు అమ్ముడైపోయిందే. ఏరేటర్లు బండి మీదకి ఎక్కించమను.”

పది నిమిషాలకు ఆటో వచ్చి ఆగింది. అచ్యుతరావు నవ్వుతూ దిగాడు.

“ఇరవై దాటిందండీ” అన్నాడు ఈశ్వరప్రసాద్.

“చాలా సంతోషమండీ. మీరన్న మాట నిలబెట్టుకున్నారు.” అచ్యుతరావు కాస్త మొహమాటంగా వెనక్కి తిరిగి ఆటో వైపు చూశాడు. “దీనికి ముప్పై నాలుగొస్తోందండీ.”

“దేనికండీ?”

“కొనేశానండీ, ఆటో.”