దూది లేని డబ్బా

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక, మూసేసిన టైర్ల షాపు అరుగు మీద నర్సింలు ఒక్కడే పడుకున్నాడు. మొన్నటిదాకా పక్కన జంగయ్య ఉండేవాడు. ఇద్దరికీ ఇల్లు లేదు, ఇద్దరిదీ ఒకే దుప్పటి, ఒకే రోగం. హెచ్ఐవీ గోలీల డబ్బా గలగలమంటే జనం పసిగడతారని నర్సింలు తన దాంట్లో దూది కుక్కేవాడు. జంగయ్యకు ఆ భయం లేదు. రోజూ రాత్రి తన డబ్బాను నర్సింలు చెవి దగ్గర ఊపి, "గోలీ ఏస్కున్నవారా?" అని అడిగేవాడు. పోయిన నెల అతను దవాఖానలో చనిపోతే, ఆ డబ్బాను గుంటలో అతని పక్కన పెట్టి మట్టి కప్పింది నర్సింలే.

అప్పటినుంచి కల్లు తాగి పడిపోవడమే. గోలీలు మానేశాడు. జ్వరం దిగడం లేదు.

చివరి బస్సు చప్పుడు కూడా సద్దుమణిగాక, ఎక్కడో గలగలమంది. కుక్క ఏదో కదిపిందనుకున్నాడు. ఆ గలగల అరుగెక్కింది. తలాపుకొచ్చింది.

"ఏస్కుంట అన్నా, ఇగో ఏస్కుంట!"

చీకట్లో తడిమి, తగిలిన డబ్బా మూత తీసి గోలీ మింగాడు. అంతా నిశ్శబ్దం. హమ్మయ్య అనుకునేలోపే పళ్ల కింద మట్టి కరకరలాడింది. చెయ్యి కదిపితే డబ్బా గలగలమంది. దూది కుక్కిన తన డబ్బా తల కింది సంచిలోనే ఉంది.

దుప్పటి అంచు మెల్లగా లేచింది.

"ఏస్కున్నవ్ గద. ఇగ జర జరుగు, చలి పెడ్తుంది."