గూడెం కొలత

"మీ మిషన్ చూపించండమ్మా," అన్నాడు కనకరాజు, కుర్చీలో కూర్చోకుండానే.

"చూద్దురుగాని. ముందు మంచినీళ్ళు తీసుకోండి సార్," అంది గూడెం ల్యాబ్ చూసుకునే హిమజ.

ఏలూరు కాలేజీ లెక్చరర్ కనకరాజు పొద్దున్నే బస్సెక్కి తాడేపల్లిగూడెం కాలేజీకి వచ్చింది మంచినీళ్ళకు కాదు, తనిఖీకి. ఎవరి కొలత సరైనదో తేల్చడానికి ఒక కమిటీ, ఒకే జన్యువు ముక్క పెట్టిన సూక్ష్మజీవుల్ని ట్యూబుల్లో పంతొమ్మిది కాలేజీలకు పంపింది. నీలికాంతి పడితే అవి పచ్చగా వెలుగుతాయి. ఎంత వెలుగో అంకెల్లో చెప్పాలి. అసలు అంకెకు అందరికన్నా దగ్గరగా వచ్చింది గూడెం. అందరికన్నా దూరంగా పోయింది ఏలూరు.

గూడెం కొలతలో తప్పు దొరికితే అందరూ మళ్ళీ కొలవాలి. దొరక్కపోతే ఏలూరు అంకెలు కొట్టేస్తారు. ఆ అంకెలు కనకరాజువి. విదేశీ మిషన్ మీద, ఏసీ గదిలో, చెప్పులు బయట విడిచి మరీ కొలిచినవి.

అతను జేబులోంచి ఒక ట్యూబు తీశాడు. దాని అసలు అంకెను కమిటీవాళ్ళు కవరులో పెట్టి అంటించి ఇచ్చారు.

"దీన్ని ఇప్పుడే కొలవండి."

"రూతమ్మగారు అన్నానికెళ్ళారండి. రానివ్వండి."

"ఎవరావిడ?"

"మా ట్యూబులు కడుగుతారండి. కొల్లేటికోట ఆవిడ. చీకటిగది ఆవిడ చేతిలోనే ఉంటుంది."

కాసేపటికి రూతమ్మ వచ్చింది. కనకరాజును ఎగాదిగా చూసింది.

"ఏలూరు నుంచాండి మాస్టారూ? మొహం అలా వాడిపోయిందేంటండి? మీ కాలేజీలో టిఫిన్ పెట్టరా?"

జవాబు కోసం ఆగకుండా పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. సబ్బు పెట్టి మళ్ళీ కడుక్కుంది. మూడోసారి సబ్బు అందుకునేసరికి కనకరాజుకు ఓపిక పోయింది.

"ఎంతసేపండీ ఆ కడగడం?"

"కూరలో పసుపండి. నీలిదీపం కింద పసుపు కూడా పచ్చగా మెరుస్తుంది. ట్యూబుకి అంటిందంటే లేని వెలుగు లెక్కలోకి వచ్చేస్తుందండి."

కనకరాజు మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. దసరాకు ఏలూరు మిషన్‌కి, ట్యూబు పెట్టే గూటితో సహా, పసుపు రాసి బొట్లు పెట్టింది తనే.

"మీరు మిషన్‌కి దసరా పూజ చెయ్యలేదా?" అన్నాడు నీరసంగా.

"బొట్టు పెడదామంటే రూతమ్మగారు ఒప్పుకోరండి," అంది హిమజ నవ్వాపుకుంటూ.

ఇద్దరూ ట్యూబు తీసుకుని చీకటిగదిలోకి వెళ్ళారు. ముగ్గురికి చోటు చాలదన్నారు. కనకరాజు బయట నిలబడి గోడ గడియారం వంక చూస్తూ ఉండిపోయాడు.

అయిదు నిమిషాలకు హిమజ బయటికొచ్చింది. "నలభై ఒకటండి."

కవరు చించాడు. నలభై రెండు. ఇదే రకం ట్యూబుకి ఏలూరులో అరవై వచ్చింది.

గూడెం కొలత సరైనదేనని సంతకం పెట్టాడు. ఏలూరు అంకెల మీద అడ్డగీత కూడా తనే గీశాడు.

"పోనీ, కంపెనీ పేరైనా చెప్పండమ్మా. మా ప్రిన్సిపాల్‌గారితో ఇలాంటిదే కొనిపిస్తాను."

"మీరే చూసుకోండి సార్," అంటూ హిమజ తలుపు బార్లా తీసింది.

లోపల బల్ల మీద ఒక నీలిదీపం, తక్కువ వెలుగు నుంచి ఎక్కువ వెలుగుకు నంబర్లు వేసి వరుసగా పేర్చిన ట్యూబులు, వాటి పక్కన అతని ట్యూబు పెట్టి చూసి కళ్ళజోడు తుడుచుకుంటున్న రూతమ్మ తప్ప, మిషన్ అనేదే లేదు.