గాలి బస్సు కింద శాంసన్

నంద్యాల బైపాస్ పక్కనున్న బస్సుల షెడ్డులోకి శాంసన్ పట్టపగలే, గేటు తీసుకుని నడిచి వెళ్ళాడు. గోడ దూకేవాణ్ణి దొంగ అంటారు గానీ గేటులోంచి వచ్చేవాణ్ణి ఎవరూ ఏమీ అనరని అతని నమ్మకం. పైగా మెకానిక్కులంతా అన్నాలకు వెళ్ళిన వేళ అది.

ఒంటి మీద ఖాకీ చొక్కా. కొత్తదిగా కనబడుతుందేమోనని దానికి తన బండి చైను మడ్డి పూసి మరీ తొడుక్కున్నాడు.

షెడ్డు మధ్యలో తెల్లటి పెద్ద బస్సు నిలబడి ఉంది. దాని వెనక చక్రాల దగ్గర కొత్తగా బిగించిన రబ్బరు బెలూన్లు ఉన్నాయి. కుదుపు తెలియకుండా ఇనుప పట్టీల బదులు బస్సు కింద పెట్టే గాలి బెలూన్లు అవి. వాటిని కొనే మనిషి ఆళ్లగడ్డలో కాచుకుని ఉన్నాడు. అమ్మితే ఉంగరం వస్తుంది. ఉంగరం వస్తే ఆదివారం రుద్రవరం చర్చిలో హిమజతో ప్రధానం జరుగుతుంది.

కాబోయే మామ కృపావరం మాత్రం ముందే తేల్చి చెప్పాడు.

"చూడు శాంసన్, నీ బ్యాటరీల దొంగతనం కత నాకు తెలీదనుకోవాకు. ఇంగొకసారి స్టేషన్ గడప తొక్కినావంటే పిల్లనిచ్చేది లేదు."

అందుకే ఈసారి శాంసన్ ఆషామాషీగా రాలేదు. గాలి బస్సు కింద పని ఎలా చేయాలో ఫోనులో వీడియోలు చూసి, మళ్ళీ మళ్ళీ చూసి, వంటబట్టించుకుని వచ్చాడు. అసలు మెకానిక్కు కంటే తానే ఎక్కువ మెకానిక్కులా కనిపించాలి. అప్పుడు ఎవరు చూసినా అనుమానం రాదు.

మొదట బస్సు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. ఇంటి దగ్గర రాసి తెచ్చిన అట్టముక్కను స్టీరింగుకు వేలాడదీశాడు. 'కింద మనిషి ఉన్నాడు, బండి ముట్టుకోవద్దు' అని దాని మీద రాసి ఉంది. చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాడు. మూలన గోనెసంచుల కింద ఉన్న ఇనుప స్టాండ్లను ఈడ్చుకొచ్చి, వాటి నిండా ఉన్న సాలెగూళ్ళు దులిపి, బస్సు ఛాసీ కింద నిలబెట్టాడు. అప్పుడు గాలి వదిలాడు. సుయ్‌మంటూ బస్సు కిందికి దిగి స్టాండ్ల మీద కూర్చుంది. అవి లేకుంటే కూర్చునేది తన మీదేనని తలుచుకుని, స్టాండ్లను ఇంకోసారి కదిపి చూసి, కిందికి దూరాడు.

ఒక బెలూను ఊడింది. రెండోదానికి పానా పెట్టేసరికి బస్సు పక్కన చెప్పుల చప్పుడు ఆగింది.

"ఎవురప్పా కింద?"

షెడ్డులో టీ పోసే రాములమ్మ. చేతిలో ఫ్లాస్కు.

"నేనే అవ్వా. కొత్తగా చేరినా."

"అన్నం యాళకు ఏం చేస్తాండావ్?"

"బెలూన్లు మారుస్తాండా. తిండి యాడికి పోతాదిలే, పని ముందు."

ముసలామె నడుము వంచి కిందికి చూసింది. రాళ్ళు చూసింది, స్టాండ్లు చూసింది.

"ఈ ఇనప కాళ్ళేందప్పా?"

శాంసన్‌కు ఉత్సాహం వచ్చింది. చదివిన పాఠం అప్పజెప్పే అవకాశం దొరికింది.

"గాలి బస్సును నమ్మకూడదవ్వా. పైపు తెగిందనుకో, మనకు చెప్పి కూచోదు. అందుకే స్టాండ్లు పెట్టిందాకా కింద తల పెట్టం. మన షెడ్డులో ఇదంతా మామూలే గదా."

"అట్లనా. పనైనాంక బయటికి రా నాయనా, టీ పోస్తా," అని రాములమ్మ మెల్లగా వెళ్ళిపోయింది.

ముసలామెనే నమ్మించానంటే ఇక ప్రధానం జరిగినట్టేనని శాంసన్ లోపల్లోపలే నవ్వుకున్నాడు. రెండో బెలూను కూడా ఊడదీసి, గోనెసంచిలో వేసి, భుజానికెత్తుకుని, తీరిగ్గా గేటు వైపు నడిచాడు.

గేటు మూసి ఉంది. దాని ముందు షెడ్డు యజమాని చెన్నకేశవులు, అన్నం చేతులు కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చిన మెకానిక్కులు, వాళ్ళ పక్కన ఒక కానిస్టేబులు, వెనక ఫ్లాస్కుతో రాములమ్మ.

"సంచిలో ఏందప్పా?" అన్నాడు చెన్నకేశవులు.

శాంసన్ సంచి కింద పెట్టాడు. జేబులోని తాళంచెవి అడగకముందే తీసి ఇచ్చాడు. కానిస్టేబులు చెయ్యి పట్టుకోగానే రుద్రవరం సంబంధం కాస్తా చేజారిపోయిందని అర్థమైంది. అయినా ఒక సంగతి మాత్రం మింగుడు పడలేదు.

"అవ్వా, పోతాపోతా అడుగుతాండా. యాడ తప్పు చేసినా? చొక్కానా, మాటనా?"

రాములమ్మ అన్న మాట ప్రకారం గ్లాసులో టీ పోసి చేతికిచ్చింది.

"తప్పు చేసింటే మనోడే అనుకుందును నాయనా. ఈ షెడ్డులో ఇన్నేండ్లుగా టీ పోస్తాండా, బస్సు కింద దూరేముందు స్టాండ్లు పెట్టినోన్ని నిన్నొక్కన్నే చూసినా."