మాటలకే చోటు

సాయంత్రమైతే మూకండపల్లిలో ఫోన్లు మధ్యలోనే తెగిపోతున్నాయి. త్రీజీ కొత్తగా వచ్చిన రోజులు. సంగతేమిటో చూడమని ఫోన్ కంపెనీ తన ఇంజనీరు విష్ణువర్ధన్‌ను పంపింది.

కారణం తొందరగానే దొరికింది. ఫ్యాక్టరీల షిఫ్టు వదలగానే అందరూ ఒక్కసారే ఫోన్లు తీస్తారు. టవర్‌కున్న తరంగాలు కొన్నే, అందరూ వాటినే పంచుకోవాలి. వాటిలో చాలామంది వాటాను, టవర్‌కు దూరంగా ఒక మేడ మీద రోజూ సాగే వీడియో కాల్ ఒక్కటే తినేస్తోంది. దాన్ని ఆపేముందు ఒక మాట చెప్పడం మర్యాద అనుకుని అతను ఆ ఇంటికి వెళ్లాడు.

సంగతి వినగానే ఇంటి ఓనరు చెన్నప్ప పకపకా నవ్వాడు.

"మేడ మీద బాడుగకుండే మా ధనుషే సార్! కొత్తగా పెండ్లయింది. పెండ్లాం కృష్ణగిరిలో టైలరింగు. ఇంకా ఈడికి పిలుచుకోని రాలేదు. డ్యూటీ నుంచి వచ్చినాడంటే చాలు, లైటేసుకోని ఫోను ముందర కూర్చుంటాడు. ఏం గుసగుసలో ఏమో, గోడకి చెవి పెట్టినా ఒక్క మాట ఇనపడదు."

"చెవి పెట్టి చూశారా?"

"నేను కాదప్పా, మా ఇంట్లో ఆమె!"

ఇద్దరూ మేడెక్కారు. రేపటి నుంచి సాయంత్రాలు ఈ టవర్ మీద వీడియో కాల్స్ ఉండవని విష్ణువర్ధన్ చెప్పాడు.

ధనుష్ ముఖం వాడిపోయింది.

"అట్ల చేయొద్దండి సార్. పగలంతా ఆమె మిషన్ ముందర, నేను మిషన్ ముందర. మాకుండేది ఆ టైమొకటే."

"ఆదివారం పోయి చూసుకోరాదాప్పా?" అన్నాడు చెన్నప్ప. "పెండ్లయిన కొత్తలో మా ఆడామె ముఖం నేను సరింగా చూసిందే లేదు. బతకలేదా?"

విష్ణువర్ధన్‌కూ నవ్వాగలేదు. ధనుష్ భుజం తట్టాడు.

"మాట్లాడుకోవద్దని ఎవరన్నారయ్యా? మామూలు కాల్ చేసుకో. కళ్లు మూసుకుని గొంతు వింటూ కూర్చుంటే ఇంకా బాగుంటుంది. ఎంతసేపు మాట్లాడినా లైను తెగకుండా నేను చూసుకుంటాను."

ధనుష్ తల అడ్డంగా ఊపాడు.

"మా మధుమితకి పుట్టినప్పటి నుంచి చెవులు ఇనపడవు సార్, మేము చేతులతోనే మాట్లాడుకుంటాము."